నవ్వించిన అమ్మను నవ్వుతూ తలుచుకోవచ్చా?

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకురాలు తన చేతిరాతతో ఏడు పేజీల ఉత్తరం పంపారు. ఆమెకు 44 ఏళ్లు. ఒక అన్నయ్య, ఒక చెల్లెలు ఉన్నారు. నాలుగు నెలల అనారోగ్యం తర్వాత వారి తల్లి 71వ ఏట కన్నుమూసి ఇప్పటికి పదకొండు నెలలయింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో నిశ్శబ్దమనేది లేదట. ఏ ఆట ఆడినా మనవలకు తెలిసేలాగే తొండి చేసి, పట్టుబడ్డాక వాళ్లకంటే గట్టిగా దెబ్బలాడేవారట. పిల్లల పుట్టినరోజున తెల్లవారకముందే ఫోన్ చేసి, గొంతు మార్చి, ఎవరో పెద్ద అధికారినంటూ నిద్రమత్తులో వాళ్లను హడలగొట్టి, ఆ తర్వాత తానే ముందుగా నవ్వేసేవారట. 68 ఏళ్ల వయసులో పిల్లలతో దాగుడుమూతలాడుతూ బట్టల అలమరలో దాక్కుని అక్కడే నిద్రపోతే, ఇంటిల్లిపాదీ గంటసేపు వెతికారట. ఇవ్వడంలోనూ ఆవిడకు అదే ధోరణి. అడిగినవారికి లేదనకుండా, ఒక్కోసారి అడగకముందే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఇచ్చేసేవారు. ఎముక లేని చెయ్యి అని బంధువులందరూ చెప్పుకునేవారు.

ఆవిడ పోయిన రోజున ఇంటినిండా జనం ఉండగా, అప్పటికి ఎనిమిదేళ్ల వయసున్న పాఠకురాలి కూతురు, “అమ్మమ్మ మళ్లీ అలమరలో దాక్కుందేమో, చూసి రానా?” అని అడిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్లల మీద ఏనాడూ గొంతెత్తని తాతయ్య ఆ పిల్లను గట్టిగా కసిరి బయటికి పొమ్మన్నారు. ఆనాటి నుంచి ఆ అమ్మాయి అమ్మమ్మ మాట ఎత్తలేదు. తాతయ్య కూడా ఆ అలమరను ఎవరినీ తెరవనివ్వడం లేదు.

వచ్చే నెల, ఏడాది నిండే రోజున, కుటుంబమంతా కలవబోతున్నారు. అమ్మ గురించి నాలుగు మాటలు రాసి చదివే పని పాఠకురాలికి అప్పగించారు. అమ్మ త్యాగం గురించి గంభీరంగా రాయాలని, ఆటలు, అల్లర్లు అక్కడ ప్రస్తావించవద్దని అన్నయ్య కోరిక. ఏడాది అయింది కనుక అందరూ ఇక ‘అంగీకార దశ’కు రావాలని కూడా ఆయన అంటున్నారు. చెల్లెలి బాధ వేరు. ఆమె పైచదువు కోసం దాచిన డబ్బును, చేరాల్సిన నెలలోనే, తల్లి తనతో పనిచేసే ఒకావిడ భర్త శస్త్రచికిత్సకు ఇచ్చేశారు. ఆయన బతికారు. డబ్బు ఆలస్యంగా తిరిగివచ్చింది. చెల్లెలికి ఒక ఏడాది, కోరుకున్న చదువు రెండూ పోయాయి. ఆ సంగతి ఎప్పుడెత్తినా తల్లి గొంతు మార్చి అధికారిలా మాట్లాడి, నవ్వించి, తప్పించుకునేవారట. “అమ్మ అందరికీ ఇచ్చింది. నా వంతు కూడా వాళ్లకే ఇచ్చేసింది. ఆ మాట లేకుండా అమ్మ దానగుణాన్ని పొగిడేటట్టయితే నేను రాను” అని చెల్లెలు తేల్చిచెప్పారు. ఇంతలో ఆ చెల్లెలి నాలుగేళ్ల కొడుకు ఫోటో చూపించి “ఈవిడెవరు?” అని అడిగాడు. అన్నయ్య కొడుకు, పదిహేనేళ్లవాడు, ఈ విషయమై పెదవి విప్పడం లేదు. పాఠకురాలి ఫోన్‌లో అమ్మ పంపిన 31 వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి, ఒక్కటీ వినలేకపోతున్నారు. “అమ్మను నవ్వుతూ తలుచుకోవడం అమర్యాదా? చెల్లెలి మాట చెబితే అమ్మను తగ్గించినట్టవుతుందా? నేనేం రాయాలి?” అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. నాన్నగారి కోపం, అన్నయ్య పట్టుదల, చెల్లెలి గాయం, ముగ్గురు పిల్లల తీరు అందులో కళ్లకు కట్టినట్టున్నాయి. మీరు, అమ్మ మాత్రమే ఉన్న సందర్భం కోసం వెతికితే ఏడు పేజీల్లో ఒకే ఒక్క వాక్యం దొరికింది. అదికూడా మీరు రాసి కొట్టేసినది. గీత కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. చదివినందుకు, ఇక్కడ ప్రస్తావిస్తున్నందుకు మన్నించండి. “నా నవ్వు అచ్చం అమ్మ నవ్వులాగే ఉంటుందంటారు, అందుకే నాన్న ముందు నవ్వడం మానేశాను” అని రాశారు. మీరు అడిగిన మూడు ప్రశ్నల వెనుక ఉన్న అసలు ప్రశ్న ఇదేనని నాకనిపించింది. అందరి దుఃఖానికీ కాపలా కాస్తూ మీది మీరు గీత గీసి కొట్టేశారు. ఇక మీదట నేను చెప్పే దేన్ని ఆచరించాలో ఆలోచించేటప్పుడు, ఆ వాక్యం రాసిన మనిషికి అది ఊరటనిస్తుందా లేదా అన్నది కూడా లెక్కలో వేసుకోండి.

ముందుగా మీ పాప గురించి చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో అందరికంటే తక్కువ మాట్లాడినది, అందరికంటే ఎక్కువ మోస్తున్నది ఆ పిల్లే. చావు అంటే తిరిగిరాకపోవడమని, శరీరం పనిచేయడం ఆగిపోవడమని, అది అందరికీ వస్తుందని పిల్లల్లో చాలామందికి ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అర్థమవుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు అమ్మమ్మ నిజంగా అలమరలో లేదని తెలియదనుకోవడం కష్టం. తెలిసీ ఆ మాట అంది. అమ్మమ్మతో తనకున్న భాష ఆటే కనుక, వీడ్కోలు కూడా ఆ భాషలోనే చెప్పింది. పెద్దవాళ్లు ఆ మాటను అల్లరిగా విన్నారు. అల్లరి కాదని చెప్పే వయసు ఆ పిల్లకు లేదు. ఆనాడు గదిలో ఉన్నవారందరిలోకీ మీ అమ్మగారికి అత్యంత సహజమైన పద్ధతిలో ఆవిడను తలుచుకున్నది ఆ పిల్లేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆమె విషయంలో మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏమీ అడగకుండా, ఆమెంతట ఆమె మాట్లాడేదాకా ఆగవచ్చు. కానీ పదకొండు నెలలు ఆగారు, ఆ మౌనానికి అలవాటుపడే ప్రమాదం ఉంది. తాతయ్యచేత క్షమాపణ చెప్పించవచ్చు. ఆయన సిద్ధంగా లేకుండా చెప్పిస్తే పాపకు ఇంకో తప్పు చేసినట్టే అనిపిస్తుంది. నాకు మేలనిపించే దారి ఏమిటంటే, ఆమెతో మీరొక్కరే ఉన్నప్పుడు, “ఆ రోజు నువ్వన్న మాటలో తప్పేమీ లేదు, నేను అప్పుడే ఆ సంగతి చెప్పాల్సింది, చెప్పలేకపోయాను” అని మీ తరఫున మీరు చెప్పడం. తాతయ్యను సమర్థించవద్దు, నిందించవద్దు. “తాతయ్యకు ఆ మాట చాలా లోతుగా తగిలింది, అందుకే అరిచారు” అంటే చాలు, అది నిజం కూడా. ఆమె వెంటనే మాట్లాడకపోవచ్చు, మాట మార్చవచ్చు, ఆటకు వెళ్లిపోవచ్చు. పిల్లలు దుఃఖాన్ని ఏకబిగిన మోయరు. కాసేపు మోసి, దించి, మళ్లీ ఎత్తుకుంటారు. తలుపు తెరిచి ఉందని ఆమెకు తెలియడమే మీరు ఇప్పుడు చేయవలసిన పని.

నవ్వు అమర్యాదా అన్న మీ ప్రశ్నకు నా సమాధానం స్పష్టంగా కాదు అనే. డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. జీవిత భాగస్వామిని కోల్పోయి సుమారు ఆరు నెలలైనవారిని, పోయిన మనిషి గురించి మాట్లాడమని కోరి, వారి ముఖాలను చిత్రీకరించి పరిశీలించారు. మర్యాదకు పెదవులతో నవ్వే నవ్వు కాకుండా, కళ్ల చుట్టూ కండరాలు కూడా కదిలేలా మనసారా నవ్వినవారిలో బాధ తీవ్రత తక్కువగా, ఇతరులతో సంబంధాలు మెరుగ్గా ఉన్నాయని గుర్తించారు. నవ్వితే బాధ తగ్గిపోతుందని దీనర్థం కాదు. ఎవరినీ బలవంతాన నవ్వించమనీ కాదు. పోయినవారిని తలుచుకుని నవ్వడం వారిని మరచిపోవడానికి గుర్తు కాదని మాత్రం దీన్నిబట్టి ధైర్యంగా చెప్పవచ్చు. పగలు పాత సంగతి తలుచుకుని నవ్వి, రాత్రి దిండులో ముఖం దాచుకుని ఏడ్చే మనిషిలో వైరుధ్యమేమీ లేదు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఆప్తులను కోల్పోయినవారు ఆ లోటును తలుచుకోవడానికీ, మిగిలిన జీవితాన్ని సర్దుకోవడానికీ మధ్య అటూ ఇటూ ఊగుతూనే ఉంటారు, ఆ ఊగడం దుఃఖంలో సహజమైన భాగం.

అన్నయ్య చెబుతున్న దశల మాట కూడా ఇక్కడే చూద్దాం. తిరస్కరణ, కోపం, బేరమాడడం, కుంగుబాటు, అంగీకారం అనే ఆ ఐదు దశలను మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో వివరించారు. అయితే అవి ప్రాణాంతక వ్యాధులతో ఉన్న రోగులతో ఆవిడ జరిపిన సంభాషణల నుంచి పుట్టినవి. చావును ఎదుర్కొంటున్నవారి మనఃస్థితి గురించి చెప్పినవి. వెనుక మిగిలినవారు ఏడాదిలోగా ఎక్కవలసిన మెట్లుగా ఆ దశలను రాయలేదు. ఈ సంగతి అన్నయ్యకు చెప్పి వాదన గెలవాలని ప్రయత్నించకండి. ఆయన లెక్క పెడుతున్నది దశలను కాదేమో, తాను ఇంకెన్నాళ్లు ఇలా ఉండాలో అయ్యుండవచ్చు. గంభీరమైన మాటలే కావాలని పట్టుబట్టేవారిలో చాలామంది, సరదా సంగతి వినబడితే అందరి ముందు తాము కూలిపోతామని భయపడుతుంటారు. “అన్నయ్యా, ఏ సంగతి చెబితే నువ్వు తట్టుకోలేవు?” అని ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. ఆయన చెప్పిన సంగతిని వదిలేస్తానని మాట ఇవ్వండి. అలాంటి మాట దొరికితే మిగతావాటికి ఆయన అడ్డు చెప్పకపోవచ్చు.

చెల్లెలి విషయం ఇంతకంటే చిక్కుది, తొందరపడితే చెడిపోయేది.

చాలామంది ఇటువంటి చోట రెండే దారులున్నాయనుకుంటారు: పోయినవారి తప్పు దాచడం, లేదా బయటపెట్టడం. నాకు ఇందులో మూడో విషయం కనబడుతోంది. ఆనాడు ఒక ప్రాణం నిలబడడానికి ఇద్దరు ఇచ్చారు. ఒకరు తెలిసి, ఇష్టపడి, తన చేత్తో ఇచ్చారు. ఇంకొకరి దగ్గర అడగకుండా తీసుకున్నారు. ఇన్నేళ్లుగా పొగడ్త మొదటివారికి దక్కింది, ఖర్చు రెండోవారి మీద పడింది. మీ చెల్లెలు అమ్మను తగ్గించమని అడగడం లేదు. ఆ లెక్కలో తన పేరు కూడా ఉందని ఎవరో ఒకరు ఒప్పుకోవాలని అడుగుతున్నారు. అయితే ఒక హెచ్చరిక: “నువ్వు కూడా దాతవే కదా, గర్వపడు” అని మాత్రం ఆమెతో అనవద్దు. ఇవ్వనా వద్దా అని ఎంచుకునే అవకాశం లేనివారిని దాత అనడం, వారి నుంచి మరోసారి తీసుకోవడమే అవుతుంది. ఆ మాట ఎప్పటికైనా ఆమె తనంతట తాను అనుకుంటే అనుకోవాలి.

నవ్వు గురించి మీరు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. మీకు, మీ పాపకు అమ్మ సరదాతనం పండగలాంటిది. చెల్లెలికి అదే సరదా, రావలసిన క్షమాపణను రానివ్వని తలుపు. నొప్పిగా ఉన్న మాట వచ్చినప్పుడల్లా గొంతు మార్చి నవ్వించిన తల్లి, తన తప్పును ఎదుర్కోలేక అలా చేసి ఉండవచ్చు. నవ్వించే మనుషులకు తమను ఎవరైనా నిలదీస్తే నిలబడడం రాకపోవచ్చు. అందువల్ల ఆ అధికారి గొంతు సంగతి సభలో చెబితే సగంమంది పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు, మీ చెల్లెలి కడుపులో మాత్రం మెలిపెట్టినట్టవుతుంది. ఆ ఒక్క సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆమెను అడగకుండా నిర్ణయించకండి.

ఆ రోజు ఏం చదవాలన్నదానికి ఇప్పుడు వద్దాం. అన్నయ్య కోరినట్టే గంభీరమైన ప్రశంస రాయవచ్చు. సభ ప్రశాంతంగా గడుస్తుంది, నాన్నగారు నొచ్చుకోరు, వచ్చినవారు బాగా చెప్పారంటారు. చెల్లెలు మాత్రం రారు. మీ పాపకు తన అమ్మమ్మ ఆ మాటల్లో కనబడదు. పదిహేనేళ్ల మేనల్లుడికి, చనిపోయినవారి గురించి ఇలా మాట్లాడాలి కాబోలు, తెలిసిన మనిషిని తెలియని మనిషిగా మార్చి చెప్పాలి కాబోలు అన్న పాఠం అందుతుంది. జరిగినదంతా ఉన్నదున్నట్టు అందరి ముందు చెప్పేయవచ్చు. చెల్లెలికి ఆ క్షణంలో గుండె బరువు దిగవచ్చు. కానీ ఆనాడు శస్త్రచికిత్స జరిగిన ఆయనో, ఆయన భార్యో అక్కడ కూర్చుని ఉంటే, తాము బతికినందుకు ఒక అమ్మాయి చదువు పోయిందన్న మాట అందరి మధ్య వినవలసివస్తుంది. అందులో వాళ్ల తప్పు లేదు. తిరిగి జవాబివ్వలేని మీ అమ్మగారి మీద అది తీర్పులా కూడా ధ్వనించవచ్చు.

నేనయితే రాయడానికి కూర్చోకముందు చెల్లెలి దగ్గరికి వెళ్తాను. కాగితం తీసుకెళ్లవద్దు. ఆ ఏడాది ఎలా గడిచిందో ఆమె చెబుతుంటే, మధ్యలో అమ్మ తరఫున ఒక్క మాట కూడా అడ్డు వేయకుండా వినండి. అది కష్టమని నాకు తెలుసు; “కానీ అమ్మ ఉద్దేశం...” అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. ఆపుకోండి. చివరిలో, “దీన్ని ఎక్కడ, ఎవరు, ఎంతవరకు చెప్పాలి?” అని అడగండి. తానే చెబుతాననవచ్చు. మిమ్మల్ని చెప్పమనవచ్చు. ఒక్కోసారి, ఒకరు పూర్తిగా విన్న తర్వాత, సభలో చెప్పవలసిన అవసరమే లేదనిపిస్తుంది. వినేదాకా చెల్లెలికి కూడా తెలియకపోవచ్చు, తనకు కావలసింది సభా, అక్కా అన్నది. మిమ్మల్నే చెప్పమంటే, ఆమెకు ముందుగా చూపించి, ఇలాంటి మాటలేవైనా రాయవచ్చు: “మా అమ్మ ఆటల్లో తొండి చేసి గెలిచేది, ఇవ్వడంలో మాత్రం ఏనాడూ లెక్క చూసుకునేది కాదు. ఆ లెక్క ఒకసారి మా ఇంట్లోనే ఒకరి మీద పడింది. ఎంత పడిందో అమ్మ ఎప్పుడూ అడగలేదు, మేమూ అడగలేదు. ఈరోజు ఆ మనిషికి నా తరఫున కృతజ్ఞత చెప్పుకుంటున్నాను.” పేరు లేదు, డబ్బు లేదు, రోగి ప్రస్తావన లేదు. తెలియవలసినవారికి తెలుస్తుంది.

మిగతా ప్రసంగంలో గుణాల పేర్లు తగ్గించి సంగతులు పెంచండి. ‘ఉదార స్వభావి’ అన్న మాట ఏ మనిషికైనా సరిపోతుంది. పట్టుబడ్డాక కూడా దెబ్బలాడే అమ్మమ్మ మీకే ఉంది. అసలు మీరొక్కరే చదవాలన్న నియమం కూడా ఏమీ లేదు. ఒక్కొక్కరు ఒక్కో చిన్న సంగతి చెప్పేలా, చెప్పలేనివారు ఊరకే కూర్చునేలా ఏర్పాటు చేసుకోవచ్చు. అందువల్ల అమ్మ ఎలాంటి మనిషో తేల్చే భారం మీ ఒక్కరి మీద పడదు. ఒకరు చెప్పినది మరొకరికి అబద్ధంలా అనిపించే ఇబ్బంది మాత్రం రావచ్చు. జ్ఞాపకం పెట్టెలో దాచిన వస్తువులా ఉండదని, తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ అల్లుకుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే వివరించారు. అలమరలో అమ్మమ్మ గంటసేపు ఉన్నారా, పావుగంటేనా అని అక్కడ వాదన వస్తే రానివ్వండి. ఆ వాదన ఆవిడకు నచ్చేది కూడా. మేనల్లుడిని మాట్లాడమని బతిమాలకండి. ఫోటోలు తెరమీద చూపే పనో, రికార్డు చేసే పనో అప్పగించండి. ఆ వయసువారికి దుఃఖం ముందు ఖాళీ చేతులతో నిలబడడం చాలా కష్టం.

నాన్నగారికి ఆ రోజు ఏం జరగబోతోందో ముందే చెప్పండి. ఆయనకు తెలియకుండా నవ్వులు మొదలైతే మళ్లీ ఆ మొదటి రోజే ఎదురవుతుంది. ఆ అలమర ముందు ఆయన కాపలా ఉండడాన్ని నేను మొండితనంగా చూడలేను. తెరవనంతకాలం అందులో ఎవరూ లేరని రూఢి కాదు కదా. మీ పాప పైకి అన్న మాటే ఆయన లోపల అనుకుంటున్నారేమో, అందుకే అంత కోపం వచ్చిందేమో ఆలోచించండి. ఏడాది నిండింది కనుక బట్టలు తీసి పంచేయాలన్న తొందర వద్దు. ఆయన లేనప్పుడు తెరవడమైతే అసలే వద్దు. అయితే ఒక జాగ్రత్త తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో దీర్ఘకాలిక దుఃఖాన్ని చికిత్స అవసరమైన స్థితిగా చేర్చారు. కనీసం ఆరు నెలలు దాటాక కూడా పోయినవారి కోసం తపన ఎడతెగకుండా ఉండి, రోజువారీ జీవితాన్ని స్తంభింపజేస్తే అది ఆ కోవలోకి రావచ్చు. అలమర తెరవనివ్వకపోవడం ఒక్కటే దానికి గుర్తు కాదు. నాన్నగారు సరిగా తినకుండా, నిద్రపోకుండా, ఎవరినీ కలవకుండా ఉంటున్నారా, తాను కూడా వెళ్లిపోతే బాగుండునంటున్నారా అన్నది గమనించండి. అలాంటి మాట ఒక్కటి విన్నా ఈ సభ సంగతి పక్కనపెట్టి వెంటనే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

“ఈవిడెవరు?” అని అడిగిన చిన్నవాడి మీద, వాడి తల్లి మీద నాకు ఎంతో జాలి కలిగింది. పెద్దయ్యాక మనకు మిగిలే తొలి జ్ఞాపకాలు సాధారణంగా మూడు, మూడున్నర ఏళ్ల వయసువి. అమ్మమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్లు. అంటే వాడంతట వాడికి ఆవిడ గుర్తుండకపోవచ్చు. వాడి అమ్మమ్మ వాడికి మీ అందరి నోటినుంచే రావాలి. అందుకే ఇక్కడ కొన్ని పనులు నిజంగా అత్యవసరం. పాత ఫోటోల్లో ఎవరు, ఎక్కడ, ఏ ఏడాది అన్నది తెలిసిన నాన్నగారు ఉండగానే అడిగి రాసుకోండి. ఫోటో వెనుక అంచున, మెత్తని పెన్సిల్‌తో, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ను ఒత్తిడికి ముందువైపు గీతలు పడతాయి, సిరా పాకుతుంది. జిగురు టేపులు అంటించవద్దు. వేడి, తేమ, ఎండ తగలని చోట దాచండి. అమ్మతో కలిసి పెరిగినవారు ఎవరైనా ఉంటే వారి దగ్గర కూర్చుని మాటలు రికార్డు చేయండి. అమ్మ చిన్నప్పుడు ఏ అల్లరి చేసి దెబ్బలు తిందో పిల్లలుగా మీకు తెలియదు, వాళ్లకే తెలుసు.

ఆ 31 వాయిస్ మెసేజ్‌లు వినడానికి తొందరలేదు. భద్రపరచడానికి మాత్రం ఉంది. ఫోన్ మార్చినా, పోగొట్టుకున్నా, పాడైనా అవి తిరిగిరావు. మీరు వినకుండానే, నమ్మకమైనవారెవరిచేతనైనా వాటిని మరో రెండుచోట్ల నకలు తీయించండి. అందులో ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరే ఇంట్లో ఉండాలి. నకళ్లు ఉన్నాయన్న ధీమా వచ్చాక వినడం కొంత తేలికవుతుంది. మా అమ్మ గొంతు నా దగ్గర లేదు. ఆవిడ పోయేనాటికి దాచుకునే ఆలోచనే ఎవరికీ రాలేదు. అందుకే ఈ విషయంలో మీకు ఎంపికలేమీ ఇవ్వకుండా, ఈ వారంలోనే చేయించండి అంటున్నాను.

ఇక మీ నవ్వు సంగతి. నాన్నగారి ముందు నవ్వకుండా ఇంకా కొన్నాళ్లు గడపవచ్చు. ఆయనకు ఆ గొంతు వినబడే నొప్పి తప్పుతుంది, మీకు అమ్మతో మిగిలిన పోలిక ఒకటి మూతబడుతుంది. లేదా ఆయన్ను నేరుగా అడగవచ్చు: “నా నవ్వు వింటే నీకు కష్టంగా ఉంటుందా నాన్నా?” ఆయన ఔననవచ్చు. అన్నా సరే, ఊహించుకుని మానేయడం కన్నా అది నయం. ఆ నవ్వు వినాలని ఆయనే ఎదురుచూస్తూ ఉండే అవకాశం కూడా లేకపోలేదు.

ఇంత వివరంగా రాసిన మీరు ఒక్క సంగతి చెప్పలేదు. ఇంటిల్లిపాదీ గంటసేపు వెతికిన ఆ రోజున, చివరికి అలమర తలుపు తీసి ఆవిడను చూసింది ఎవరు? బహుశా మీకు గుర్తులేదేమో. అప్పటికి ఐదేళ్లయినా మీ పాపకు గుర్తుండి ఉంటుందని నా అనుమానం. ఆమెతో మాట్లాడేటప్పుడు ఆ ప్రశ్నతో మొదలుపెట్టి చూడండి.